ఇంటి వైఫైకి ఏ ఐపీ నంబర్లు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మాది మిర్యాలగూడ. కెమెరాలు బిగించినతను డీవీఆర్‌కు (కెమెరాల రికార్డింగ్ పెట్టెకు) 192.168.1.5 అని ఫిక్స్ చేసి పోయిండు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కోసారి ఫోన్‌లో కెమెరాలు కనిపించవు. డీవీఆర్ ఆపి ఆన్ చేస్తే వస్తే వస్తుంది, లేకుంటే లేదు. డీవీఆర్ పాడైనట్టేనా?

డీవీఆర్‌కు ఏమీ కాలేదు. ఒకే ఐపీ నంబరు, అంటే నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే చిరునామా, రెండింటికి పడుతోంది. వైఫైకి కలిసిన ప్రతి ఫోన్‌కు, టీవీకి నంబరు పంచేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ. చాలా ఫైబర్ బాక్సుల్లో అది చివరి భాగం 2 నుంచి 254 దాకా అన్ని నంబర్లనూ తనవే అనుకుంటుంది. మీ డీవీఆర్‌లో ఎవరో చేత్తో 5 వేశారని దానికి తెలియదు. మామూలప్పుడు ఇబ్బంది రాదు. ఎందుకంటే నంబరు ఇచ్చే ముందు చాలా రౌటర్లు అది ఎవరి దగ్గరైనా ఉందా అని పింగ్ చేసి చూస్తాయి. డీవీఆర్ పలుకుతుంది, రౌటర్ ఇంకో నంబరు వెతుక్కుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడే చిక్కు. ఎవరికి ఏది ఇచ్చిందో చాలా రౌటర్లు మరిచిపోయి లేస్తాయి. హార్డ్ డిస్క్ తిప్పుకొని డీవీఆర్ లేచేసరికి ఇంకాస్త ఆలస్యమవుతుంది. ఆ సందులో ఏదో ఒక ఫోన్ నంబరు అడిగితే 5 దానికి పోతుంది.

బ్రౌజర్‌లో రౌటర్ నంబరు కొడితే వచ్చే సెట్టింగుల పేజీలో ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) లేదా డీహెచ్‌సీపీ అనే చోట స్టార్ట్ ఐపీ 192.168.1.100, ఎండ్ ఐపీ 192.168.1.199 అని మార్చండి. వంద నంబర్లు ఏ ఇంటికైనా చాలు. 10 నుంచి 99 దాకా మీరు చేత్తో ఇచ్చేవాటికి మిగులుతాయి: డీవీఆర్‌కు 20, ప్రింటర్‌కు 30, అలా. వాటిలో సబ్‌నెట్ మాస్క్ (ఏ నంబర్లు ఇంటి లోపలివో చెప్పేది) 255.255.255.0, గేట్‌వే (బయటికి దారి, అంటే రౌటర్ నంబరు) 192.168.1.1 అని వేయండి. గేట్‌వే ఖాళీగా వదిలితే కెమెరాలు ఇంట్లో కనిపిస్తాయి, ఊరు దాటితే కనిపించవు. బిగించేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. చివరి భాగంగా 0 గానీ 255 గానీ దేనికీ ఇవ్వకూడదు.

రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ ఉంటే అది ఇంకా మేలు. డీవీఆర్‌ను ఆటోమేటిక్‌లో పెట్టి, దాని మ్యాక్ అడ్రస్‌కు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరుకు) ఒక నంబరు రౌటర్‌లోనే రాసేయండి. అప్పుడు లెక్కంతా ఒకేచోట ఉంటుంది. ఇదే పని ఫోన్‌కు చేయాలంటే ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ దాచి వేరేది చూపిస్తున్నాయి. మీ వైఫై వరకు ఆ సెట్టింగ్ ఆపేస్తేనే రిజర్వేషన్ పక్కాగా నిలుస్తుంది.

మహబూబ్‌నగర్‌లో ఇంటి నుంచే హైదరాబాద్ ఆఫీసు పని చేస్తున్నాను. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంటి నుంచి వెళ్లే దారి) కలుస్తుంది కానీ 192.168.1.40లో ఉన్న ఆఫీసు ఫైల్ సర్వర్ తెరుచుకోదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద తెరుచుకుంటుంది. నెట్ కంపెనీ వాళ్లు తమ తప్పు లేదంటున్నారు.

వాళ్లు చెప్పింది నిజమే. మీ ఇల్లూ 192.168.1, ఆఫీసూ 192.168.1. రెండూళ్లలో ఒకే ఇంటి నంబరున్నట్టే. 40 అనగానే మీ ల్యాప్‌టాప్ అది మన ఇంట్లోదేననుకొని ఇంట్లోనే వెతుకుతుంది, వీపీఎన్ వైపే పంపదు. హాట్‌స్పాట్ నంబర్లు వేరు కాబట్టి అక్కడ దారి దొరుకుతోంది.

ఆఫీసును మార్చమనలేరు, ఇంటిని మార్చుకోవాల్సిందే. సొంత వాడకానికి వదిలిన వరుసలు మూడు, 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 దాకా, 192.168 మొత్తం. వీటిలో అందరూ తొక్కే దారిని వదిలేయండి. 192.168.0, 192.168.1, 10.0.0, 10.1.1 సగం రౌటర్లలో, ఆఫీసుల్లో ఉండేవే. 192.168.29 జియోఫైబర్‌ది, 192.168.137 విండోస్ హాట్‌స్పాట్‌ది, 172.17 డాకర్ అనే డెవలపర్ల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు తగులుతుంది. పెద్ద కంపెనీలు కొన్ని 10 వరుస మొత్తాన్ని వీపీఎన్‌లోకి లాగేస్తాయి కాబట్టి, ఇంటి నుంచి పని చేసేవాళ్లకు నా ఓటు 192.168.214 లాంటి దానికో, 172.26.83 లాంటి దానికో. బండి నంబరు కలిసొచ్చేలా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, పెట్టుకోండి. ఏ భాగమూ 255 దాటకూడదు, ముందు సున్నా వేయకూడదు. 010 అని రాస్తే కొన్ని ప్రోగ్రాములు దాన్ని 8గా చదువుతాయి.

మార్చే వరుస ముఖ్యం. చేత్తో నంబరిచ్చిన ప్రింటర్, డీవీఆర్ వగైరాలను ముందు ఆటోమేటిక్‌లోకి తెండి. తర్వాత రౌటర్ ల్యాన్ ఐపీని 192.168.214.1 చేసి, డీహెచ్‌సీపీ వరుస కూడా 214కు మారిందో లేదో చూసి సేవ్ నొక్కండి. పేజీ అక్కడే ఆగిపోతుంది, కంగారు పడొద్దు. వైఫై ఆపి మళ్లీ కలిపి, కొత్త నంబరుతో పేజీ తెరవండి. ప్రింటర్‌లాంటివి పాత నంబరు పట్టుకొనే ఉంటాయి, వాటినీ ఒకసారి ఆపి ఆన్ చేయండి. ప్రింటర్‌కు మళ్లీ ఫిక్స్ నంబరు 214 వరుసలోనే ఇవ్వండి.

దేవరకొండ నుంచి. ఫైబర్ బాక్సు వైఫై మేడ మీదికి అందక ఇంకో రౌటర్ కొన్నాం. వైరు కలిపితే మేడ మీద నెట్ రాదు.

రెండింటి నంబరూ 192.168.1.1 అయి ఉంటుంది. బాక్సు నుంచి వచ్చే వైరు కొత్త రౌటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ వైరు గుచ్చే చోట) ఉంటే, అటూ ఇటూ ఒకే వరుస కావడంతో ఏది లోపలిదో ఏది బయటిదో దానికి అర్థం కాదు. కొన్ని కొత్త రౌటర్లు తమంతట తామే వేరే వరుసకు జరుగుతాయి, అన్నీ కాదు. రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (నంబర్లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అది పెట్టేయండి, పని అయిపోతుంది. లేకపోతే ముందుగా ల్యాప్‌టాప్ ఒక్కటే దానికి కలిపి, ల్యాన్ ఐపీ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపేసి, బాక్సు వైరును వాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చండి. బాక్సు పంచే నంబర్లు 100 నుంచే మొదలయ్యేలా చూసుకోండి. అప్పుడు కింద ఫోన్ నుంచి మేడ మీది ప్రింటర్ కూడా దొరుకుతుంది. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు రౌటర్లూ నంబర్లు పంచుతాయి. రెండోదాని నుంచి తీసుకున్న ఫోన్‌కు గేట్‌వే తప్పుగా వచ్చి, వైఫై గుర్తు నిండుగా ఉన్నా నెట్ రాదు.

నాగర్‌కర్నూల్ నుంచి. మా షాపులో 192.169.1 వరుస పెట్టారు, బాగానే నడుస్తోంది. మార్చాలా?

మార్చండి. 192.169 సొంత వాడకానికి వదిలింది కాదు, ఇంటర్నెట్‌లో వేరేవాళ్లది. మీ వరుసలో పడే వెబ్‌సైటు ఏదైనా మీ షాపు నుంచి మాత్రం తెరుచుకోదు. 172.32, 11.0.0 పెట్టినా ఇదే గోల. 1.1.1 వరుస పెట్టినవాళ్లకు క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 2018లో 1.1.1.1 మీద డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరుకు నంబరు చెప్పే సేవ) మొదలుపెట్టాక అది అందకుండా పోయింది.

గద్వాల నుంచి. కంప్యూటర్‌లో నంబరు 169.254తో మొదలవుతోంది, నెట్ లేదు.

ఎంత అడిగినా రౌటర్ నంబరు ఇవ్వకపోతే కంప్యూటర్ తనకు తానే వేసుకునే నంబరది. ముందు వైరు, పోర్టు చూడండి. తర్వాత డీహెచ్‌సీపీ ఆగిపోయిందా, పంచే నంబర్లు అయిపోయాయా చూడండి. 169.254ను మీరు చేత్తో ఎక్కడా పెట్టొద్దు.

వనపర్తి నుంచి. బయటి నుంచి డీవీఆర్ చూడాలని పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి వచ్చేవాటిని రౌటర్ డీవీఆర్‌కు పంపే ఏర్పాటు) చేశాను, పని చేయడం లేదు. రౌటర్ వాన్ ఐపీ 100.72తో మొదలవుతోంది.

100.64 నుంచి 100.127 దాకా నెట్ కంపెనీలు తమ లోపల వాడుకునే వరుస. ఒక్క పబ్లిక్ ఐపీని (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే నంబరును) చాలా ఇళ్లకు పంచుతున్నారన్నమాట. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లకు అది కనిపించదు. కంపెనీని స్టాటిక్ (మారని) పబ్లిక్ ఐపీ అడగండి, విడిగా డబ్బు తీసుకుంటారు. కెమెరాలు చూడటానికే అయితే ఆ ఖర్చు దండగ. డీవీఆర్ మెనూలో పీ2పీ లేదా క్లౌడ్ (పోర్టులు తెరవకుండానే ఫోన్‌కు కలిపేవి) ఆన్ చేసి, ఫోన్ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. అంతకంటే ముందు డీవీఆర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి.