వసారా దగ్గర వాలు మారే పెంకు కప్పు: గీసే ముందు ఎత్తులు తేల్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: అమలాపురం దగ్గర కొబ్బరితోటలో పాత పెంకుటింటి తరహాలో ఇల్లు కట్టుకుంటున్నారు. గదుల మీద వాలు ఎక్కువ, వసారా మీదికి వచ్చేసరికి తక్కువ. ముందు వసారా 8 అడుగులు, పక్క వసారా 5 అడుగులు. స్కెచప్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో గీస్తుంటే ఆ రెండూ కలిసే మూల ఎంతకీ అతకడం లేదు. సాఫ్ట్‌వేర్ మార్చాలా అని అడిగారు.

మార్చక్కర్లేదండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా అది అతకదు. ఈ వైపు ఇళ్ళకి ప్లాన్లు గీయడమే నా పని, ఇలాంటి మూలలు తరచూ వస్తుంటాయి. రెండు వసారాలకీ ఒకటే వాలు ఇచ్చి ఉంటారు, చిక్కంతా అక్కడే.

లెక్క చూడండి. గోడ మీద కప్పు ఆనే ఎత్తు 11 అడుగులు అనుకుందాం. వసారా వాలు అడుగుకి 5 అంగుళాలు. మన వడ్రంగులు చెప్పే ఈ లెక్కే సాఫ్ట్‌వేర్‌లో 5:12 అని కనిపిస్తుంది, సుమారు 22.6 డిగ్రీలు. ముందు వైపు 8 అడుగులు వచ్చేసరికి కప్పు 3 అడుగుల 4 అంగుళాలు దిగుతుంది, అంటే స్తంభాల మీది దూలం 7 అడుగుల 8 అంగుళాల దగ్గర. పక్క వైపు 5 అడుగులే కాబట్టి దిగేది 2 అడుగుల 1 అంగుళం, దూలం 8 అడుగుల 11 అంగుళాల దగ్గర. ఒకే మూల స్తంభం మీద రెండు దూలాలకీ మధ్య అడుగుంబావు తేడా! ఇక రెండు వాలులూ కలిసే మూలన వచ్చే మూలవాసం దేని మీద కూర్చోవాలి?

అందుకని వాలుతో మొదలుపెట్టకండి. ముందు రెండు ఎత్తులు ఖాయం చేయండి: వాలు మారే చోట 11 అడుగులు, దూలం దగ్గర 7 అడుగుల 8 అంగుళాలు, ఇవి ఇంటి చుట్టూ ఒకటే. ఏ వైపు వాలు ఎంతో ఆ వైపు వెడల్పే చెబుతుంది. పక్క వైపు 5 అడుగుల్లో 3 అడుగుల 4 అంగుళాలు దిగాలంటే అడుగుకి సరిగ్గా 8 అంగుళాలు పడుతుంది. గదుల మీద కూడా 8:12, అంటే దాదాపు 33.7 డిగ్రీలు ఇస్తే పక్క వైపు అసలు విరుపే ఉండదు, కొప్పు నుంచి చూరు దాకా ఒకటే పలక. వాలు ముందు వైపే మారుతుంది. పాత ఇళ్ళలో ఇలాంటివి చాలా చూశాను, కంటికి బాగుంటుంది.

చూరు కూడా ఇదే లెక్కలో పోవాలి. ముందు చూరు 2 అడుగులు బయటికి వస్తే 10 అంగుళాలు దిగుతుంది. పక్కన కూడా 2 అడుగులు వదిలారంటే 16 అంగుళాలు దిగి అక్కడ మళ్ళీ మెట్టు పడుతుంది. పక్క చూరు 15 అంగుళాలే ఉంచండి, అదీ 10 అంగుళాలే దిగుతుంది. అప్పుడు చూరు మూల, స్తంభం, గోడ మూల ఒకే గీత మీద ఉంటాయి. ప్లాన్‌లో ఆ మూల గీత 45 డిగ్రీల్లో పోదు. కంగారు పడకండి, రెండు వైపులా వాలు వేరైతే అంతే.

ఇక గీయడం. ఫాలో మీ టూల్ వాడుతుంటే మానేయండి. అది ఒకే కోత ఆకారాన్ని చుట్టూ తిప్పుతుంది, మీకు కావలసినవి రెండు వేర్వేరు కోతలు. కోణం కొలిచే ప్రొట్రాక్టర్ టూల్‌తో మూల దగ్గర క్లిక్ చేసి 5:12 అని అలాగే టైప్ చేస్తే ఆ వాలులో గైడ్ గీత పడుతుంది. గోడ మూల, చూరు మూల, కొప్పు చివర, ఈ బిందువులు పెట్టుకుని పెన్సిల్‌తో కలపండి. గీతలు మూసుకోగానే పలక దానంతట అదే నిండితే లెక్క సరిపోయినట్టు. నిండకుండా, మధ్యలో అడ్డగీత గీస్తేనే నిండుతోందంటే ఎక్కడో ఒక బిందువు ఎత్తు తప్పింది. ఆ అడ్డగీతతో సర్దుకుపోకండి, వెనక్కి వెళ్ళి ఎత్తు సరిచేయండి.

రెవిట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ళు కింది కప్పుకి 11 అడుగుల దగ్గర కటాఫ్ లెవెల్ (కప్పుని అక్కడితో ఆపే ఎత్తు) ఇచ్చి, దాని మీద రెండో కప్పు వేసుకుంటారు. లెక్క అదే.

మందం చివర్లో ఇవ్వండి. 4 అంగుళాల వాసం 8:12 వాలులో నిలువుగా కొలిస్తే 4.8 అంగుళాలు, 5:12లో 4.3. మీ గీతలు వాసం పై అంచువా, కింది అంచువా అన్నది ముందే అనుకోకపోతే విరుపు దగ్గర అరంగుళం ఎగుడుదిగుడు వస్తుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. బెంగుళూరు పెంకుకి 5:12 తక్కువ వాలే. తుఫాను వానలో గాలి నీటిని పెంకుల సందుల్లోంచి పైకి నెడుతుంది. పైగా వసారా తెరిచి ఉంటుంది కదా, గాలి కింద నుంచి కూడా లేపుతుంది. 1996 నవంబరు తుఫానుకి మా వీధిలో ముందు లేచిపోయినవి వసారా పెంకులే. ముందు వసారా మీద పెంకుల కింద చెక్క పరిచి నీరు దిగని షీట్ వేయించండి, చూరు వైపు వరసలకి పెంకు పెంకుకీ తీగ కట్టించండి. వాలే పెంచుదామంటే 6:12కి దూలం 7 అడుగులకి, చూరు 6 అడుగులకి దిగుతాయి. లోపలికి వచ్చేవాళ్ళంతా తల వంచాలి. గోడ మరో అడుగు లేపే వీలుంటే మాత్రం నేనైతే 6:12కే పోతాను. అప్పుడు పక్క వాలు అడుగుకి 9.6 అంగుళాలు అవుతుంది, పైన 8 ఉంచితే పక్క వైపు కప్పు బయటికి ఉబ్బినట్టు కనిపిస్తుంది, పైది కూడా 9.6 చేయాలి. కొప్పు ఎత్తు, కలప ఖర్చు రెండూ పెరుగుతాయి.

గదుల వెడల్పు ఎంతో మీరు రాయలేదు. అది కూడా పెడితే కొప్పు ఎత్తు, వాసాల పొడవు లెక్కగట్టి ఇక్కడే రాస్తాను.