రాకీకి ఆ టీకా కాదు, పిడుదుల సంగతి చూడు

అమ్మడూ,

పిడుదు కాటు వల్ల వచ్చే లైమ్ వ్యాధికి టీకా వైజాగ్‌లో ఎక్కడ వేస్తారని అడిగావు కదా, దాని కోసం ఊరంతా తిరగకు, ఇక్కడున్నంతకాలం మీ కుక్క రాకీకి దానితో పని లేదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి పేరే ఆ జబ్బుకు పెట్టారు, దాన్ని మోసే పిడుదు కూడా వేరే జాతి. ఆ వైపు కుక్కలకు రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేసి, తర్వాత ఏటా ఒకటి వేస్తారు. మీరు ఎప్పుడైనా అటు వెళ్తే అప్పుడు ఆలోచిద్దాం.

మన సీతమ్మధారలో కుక్కల్ని పట్టేది గోధుమరంగు పిడుదు. అది ఎర్లీషియా అనే జబ్బు తెస్తుంది, దానికి టీకానే లేదు. మా టామీ ఒక ఎండాకాలం రెండు రోజులు తిండి ముట్టకపోతే ఉక్కకేమో అనుకుని మజ్జిగన్నం పెట్టి ఊరుకున్నాను, మూడో రోజు ముక్కులోంచి రక్తం కారింది, పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు 28 రోజులు వాడాం. వారానికే గెంతులేస్తుంటే ఇంక మాత్రలెందుకని మీ అత్తయ్య అంది, డాక్టరు గారు మాత్రం కోర్సు మధ్యలో ఆపొద్దన్నారు. అందుకే చెప్తున్నా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా ఆ రోజే రక్తపరీక్ష చేయించు.

బీచ్ నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద చూడు. పిడుదు కనిపిస్తే పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగు, కిరోసిన్ పొయ్యకు, వేళ్లతో నలపకు. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది, అదీ కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో. ఆ పగుళ్లు పూడ్పించకుండా ఎన్ని షాంపూలు వాడినా మళ్లీ వస్తాయి.

పిడుదులకు నోటి మాత్రలున్నాయి, కొన్ని నెలకొకటి, కొన్ని మూడు నెలలకొకటి, బరువును బట్టి ఇస్తారు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే డాక్టరుకు చెప్పు. మన ఊళ్లో గట్టి చలి ఉండదు కాబట్టి శీతాకాలమని ఆపకు.

రేబిస్ టీకా మాత్రం ఏటా తప్పనిసరి, రాకీది ఎప్పుడు వేయించారో కార్డు తీసి చూడు. ఆదివారం పొద్దున్నే వస్తాను, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం.

మీ మామయ్య