పప్పు రుబ్బుతుండగా ఆగిపోయిన మిక్సీ

మోటారు కాలిపోయిందని టెన్షన్ పడకండి. మినప్పప్పు రుబ్బుతుంటే మిక్సీ ఆగిపోయిందని, కాలిన వాసన మాత్రం రాలేదని అన్నారు కాబట్టి, గట్టి పప్పు బరువుకి ఓవర్‌లోడ్ స్విచ్ (మోటారు మీద భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడి ఉంటుంది.

1. నాబ్ సున్నా మీద పెట్టి, ప్లగ్ తీసేయండి. జార్ తీసి మిక్సీని వంచితే అడుగున ఆ స్విచ్ తాలూకు చిన్న బటన్ కనిపిస్తుంది, ఎక్కువగా ఎరుపు రంగులో.

2. వెంటనే నొక్కకండి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. మోటారు వేడిగా ఉంటే బటన్ నిలవదు, మళ్లీ బయటికి వచ్చేస్తుంది. దాంతో "మిక్సీ పోయింది" అనుకుంటారు. 20 నిమిషాలు చల్లారనిచ్చి నొక్కండి, టక్కుమని కూర్చుంటుంది.

3. ప్లగ్ పెట్టి, జార్ లేకుండా మిక్సీ ఆన్ చేసి చూడండి. తిరిగితే, జార్ అడుగున ఉన్న కప్లర్‌ని (మిక్సీకి తగులుకుని తిరిగే ముక్కని) చేత్తో తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే తప్పు జార్ బుష్‌ది, అంటే బ్లేడు కడ్డీ తిరిగే గొట్టంది.

ఖాళీగా కూడా తిరగకపోతే షాపులో ముందు కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు) చూడమనండి. చూడకుండానే కొత్త మోటారు అంటే ఒప్పుకోకండి.

ఈసారి పప్పు సగం జారే వేసి, కాస్త నీళ్లు పోయండి.