నేల మీద చుక్క పడకుండానే కూలెంట్ తగ్గుతుంటే ముందుగా చూడవలసిన చోటు

పదేళ్లు దాటిన మీ పెట్రోలు కారుకు తరచుగా కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) పోయవలసి వస్తోందని, కింద మాత్రం తడి కనిపించడం లేదని, షెడ్డులో హెడ్, అంటే సిలిండర్ హెడ్ అనే ఇంజను పైభాగం, దించాలని చెబుతున్నారని మీరు రాశారు. దయచేసి హెడ్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. ఇవే లక్షణాలు నా కారులోనూ కనిపించాయి. చివరికి లీకు బయటపడింది హెడ్ గాస్కెట్‌లో (హెడ్‌కు, దాని కింది ఇంజను భాగానికి మధ్య ఉండే సీలు) కాదు, గేర్‌బాక్సు వైపున సిలిండర్ హెడ్‌కు బిగించి ఉండే ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచే, మూసే థర్మోస్టాట్ ఉండే గూడు) దగ్గర.

ఇంజను అడ్డంగా అమర్చిన కార్లలో కొన్నింటికి ఈ హౌసింగ్ బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ బాక్సుల కింద ఉంటుంది కాబట్టి బానెట్ ఎత్తి ఎంత తొంగిచూసినా కనపడదు. అక్కడ ఊరే కూలెంట్‌లో కొంత వేడికి ఆవిరైపోతుంది, కొంత గేర్‌బాక్సు పైనున్న గుంటల్లో నిలిచిపోతుంది. ఒకవేళ కిందికి జారినా, పుట్టిన చోటికి దూరంగా ఎక్కడో తేలుతుంది. అందువల్ల తడి ఎక్కడుందో అక్కడే లీకు ఉందనుకోకుండా దానికి పైభాగాన్ని వెతకాలి.

ఊహలతో పని లేకుండా తేల్చేది ప్రెషర్ టెస్టు. ఇంజను పూర్తిగా చల్లారాక, కూలెంట్ నిండుగా పోసి, రేడియేటర్ లేదా కూలెంట్ ట్యాంకు మూత స్థానంలో ఒత్తిడి చూపే ముల్లు ఉన్న, గాలి కొట్టే చేతిపంపు బిగించి, మూత మీద ముద్రించి ఉన్న ఒత్తిడి వరకు గాలి ఎక్కించి, కాసేపు అలాగే ఉంచాలి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత జోలికి పోకండి. లోపలి ద్రవం ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణంలో ఎగజిమ్మి ముఖాన్ని, చేతులను కాలుస్తుంది. పంపు ముల్లు దిగుతుంటే చిన్న అద్దం, టార్చి పట్టుకుని వెతకాలి. నా కారులో హౌసింగ్ అంచు కింద ఎండిన కూలెంట్ గులాబీ రంగు పొరలా పేరుకుని ఉంది. దాని కొసన ఒక చుక్క మెల్లగా ఉబ్బి, జారి, గేర్‌బాక్సు సందులో పడి మాయమవడం అద్దంలో స్పష్టంగా కనిపించింది. మీ కారులో ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటే హీటర్ కోర్‌ను (వేడి కూలెంట్‌తో కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) అనుమానించాలి. మూత స్ప్రింగు బలహీనపడినా కూలెంట్ పోతుంది కనుక దాన్నీ అదే పంపుతో పరీక్షించమనండి.

హౌసింగ్ దగ్గరే అని తేలితే పనిలో ఎక్కువ భాగం దాన్ని చేరుకోవడమే. బ్యాటరీ, ట్రే, ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీసి, కూలెంట్‌ను వెడల్పాటి తొట్టెలోకి దించాక, చెయ్యి దూరని చోట ఉన్న స్ప్రింగు క్లిప్పులకు పొడవాటి కేబుల్ ఉన్న ప్లయరు వాడితే పని సుఖంగా సాగుతుంది. అతుక్కుపోయిన హోస్ పైపును లాగకుండా ముందు అటూ ఇటూ మెలితిప్పి వదులు చేయాలి. హౌసింగ్‌కు, హెడ్‌కు మధ్య సీలుగా ఉండే రబ్బరు రింగు నా కారులో గుండ్రదనం పోయి, నలిగి, గోరు గుచ్చినా దిగనంత గట్టిపడి ఉంది. అయినా రింగు ఒక్కటే మార్చమని నేను చెప్పను. అన్నేళ్లు వేడికి ఎండిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, మళ్లీ విప్పితే మళ్లీ అంతే కూలీ అవుతుంది, కనుక థర్మోస్టాట్‌తో సహా కొత్త హౌసింగ్ వేయించండి. హెడ్ అంచు అల్యూమినియం కాబట్టి బ్లేడుతో గీకనివ్వకండి. రబ్బరు రింగు ఉన్న చోట సీలెంట్ (సందులు మూసే జిగురు) పూయనివ్వకండి, ఎక్కువైన ముక్క ఊడి లోపలి దారుల్లో చిక్కుకోవచ్చు. ఇక్కడి చిన్న బోల్టులను కారు మాన్యువల్ చెప్పినంతే, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి.

లీకు ఆపే పొడులు, ద్రావణాలు పోస్తామంటే వద్దనండి, అవి హీటర్ కోర్‌లోని సన్నని గొట్టాలను పూడ్చగలవు. మన దగ్గర చాలాచోట్ల బోరు నీటిలో సున్నం ఎక్కువ. అందుకే కారు కంపెనీ చెప్పిన రకం కూలెంట్‌నే, అది నీరు కలపవలసినదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి, పోయించండి. తరువాత హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి మొదలై ఆగేవరకు ఇంజను నడిపితే లోపలి గాలి చాలావరకు బయటికి వస్తుంది. దించిన పాత కూలెంట్‌ను ఆరుబయట వదలకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండి కుక్కలను, పిల్లలను ఆకర్షిస్తుంది, తాగితే ప్రాణం తీస్తుంది.

మరునాడు ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూసి, తగ్గిన మేరకు నింపండి. ఆ తరువాత కూడా తగ్గుతూనే ఉండి, ప్రెషర్ టెస్టులో బయట ఎక్కడా లీకు కనిపించకపోతే, అప్పుడు హెడ్ గాస్కెట్ చెడి సిలిండర్లలో మండిన వాయువులు రేడియేటర్‌లోకి వస్తున్నాయేమో రంగు మారే ద్రావణంతో పరీక్షించమని షెడ్డులో అడగండి. ఆ పరీక్షలో రంగు మారితేనే హెడ్ దించడం గురించి మాట్లాడవచ్చు.