బూట్ తీయగానే 50 కిలోమీటర్లా?

అమ్ములూ,

కాలి ఎముక పగిలిందని వేసిన ఆ పెద్ద బూట్ తీసేశారని, తీసీ తీయగానే 50 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ స్కీయింగ్ రేసుకి పేరు కూడా ఇచ్చేశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాని గొంతులో టెన్షన్. నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది, భయం తర్వాత వేసింది. మా రోజుల్లో వరల్డ్ కప్‌లో ఆడవాళ్లకి 30 దాటి పెట్టేవాళ్లు కాదు తెలుసా, మగవాళ్లకీ మనకీ ఒకే దూరాలు వచ్చింది 2022-23 సీజన్ నుంచే. మాకు అందని దూరానికి నువ్వు పేరు ఇచ్చావంటే గర్వంగా ఉండదా? భయం సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉంటుంది, విసుక్కోకుండా చదువు.

నిద్ర, విటమిన్ డి, నడుముకి బలం ఇచ్చే వ్యాయామాలు, ఇవన్నీ ఫిజియో ఇచ్చిన కాగితంలో ఉండే ఉంటాయి, మళ్లీ చెప్పను. తిండి గురించి మాత్రం ఒకటి అడుగుతాను, మీ అమ్మ అడగదు కాబట్టి. నెలసరి సరిగ్గా వస్తోందా? చేసే ట్రైనింగ్‌కి సరిపడా తినకపోతే చాలామందికి ముందు అదే తప్పుతుంది, ఆ వెనకే ఎముకలు పలచబడతాయి. నీకొచ్చినట్టు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే బరువు పడి ఎముకకి పగులు, వచ్చిన అమ్మాయిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. తేడా ఉంటే డాక్టర్‌కి చెప్పు, సిగ్గుపడకు.

ఇక నా రూమ్మేట్ సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు. దానికీ నీలాగే, వేసవిలో స్కీ కర్రలు (పోల్స్) పట్టుకుని కొండ ఎక్కుతూ గెంతడం, దానిమీద పరుగు, రెండూ ఎక్కువై మోకాలి కింద ముందెముకలో సన్నటి పగులు వచ్చింది. అది మహా మొండిది. కాలు వాడొద్దన్నారని బెంచీ మీద కూర్చుని చేతులతోనే పోలింగ్ మెషీన్, అదే పోల్స్ తోసినట్టు తాళ్లు లాగే మెషీన్, లాగేది, మేం రోడ్డు మీద ట్రైనింగ్ ముగించుకుని వచ్చేసరికి కూడా ఇంకా లాగుతూనే ఉండేది. అందులో తప్పేం లేదు, మెచ్చుకోవాల్సిందే. నొప్పి పోయాక టెస్ట్ చేస్తే దాని గుండె, ఊపిరి వెనకటికంటే మెరుగ్గా ఉన్నాయి. చిక్కు అక్కడే వచ్చింది. ఊపిరి సిద్ధంగా ఉంది కదా అని కాలు కూడా సిద్ధమే అనుకుంది. వచ్చీ రాగానే మాతో సమానంగా స్కేటింగ్ (స్కీలని ఒక్కొక్కటిగా పక్కకి తోస్తూ పోవడం), ఎత్తుల మీద ఇంటర్వెల్స్ (కాసేపు జోరుగా, కాసేపు మెల్లగా), మధ్యలో పరుగు. మొదటి వారం ఏమీ కాలేదు, రెండో వారమూ ఏమీ కాలేదు, దాంతో ధైర్యం ఇంకా పెరిగింది.

ఎముక అంత తొందరగా ఫిర్యాదు చెయ్యదే. కొత్త బరువు పడితే ముందు దెబ్బతిన్న భాగాన్ని తవ్వి తీసేస్తుంది, అది వారాల పని. ఆ గుంతని పూడ్చి గట్టిపరచడం నెలల పని. అంటే మనం జోరు పెంచిన కొన్ని వారాలకి, నొప్పి ఏమీ లేదని సంబరపడే సమయానికి, లోపల అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుందన్నమాట. సరిగ్గా అప్పుడే రిలేలో ఒకమ్మాయికి జ్వరం వచ్చి దీన్ని దింపారు. ముందు రోజు రాత్రి మంచం మీద కూర్చుని ఆ ఎముక మీద బొటనవేలితో నొక్కుకోవడం చూశాను. ఏంటే అని అడిగితే "కొత్త బూట్లు ఒరుసుకున్నాయి" అంది. మర్నాడు ఆఖరి ఎత్తులో పడిపోలేదు, ఎవరూ తగల్లేదు, ఎడమ కాలితో ఒక్క తోపు తోసి అక్కడే కూలబడింది. ఈసారిది సన్నటి పగులు కాదు, రాడ్ వేయాల్సి వచ్చింది. మళ్లీ పోటీల్లోకి వచ్చింది, రాలేదనను. కానీ ఆ కాలిని నమ్మేది కాదు, వీడియోలో చూస్తే ఎడమ తోపు కురచగా ఉండేది. దాని ప్రతిభలో సగం లేని నేను దానికంటే ఎక్కువ కాలం పోటీల్లో ఉన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే గిల్టీగానే ఉంటుంది, ఎందుకో నాకే తెలీదు.

అందుకే చెప్తున్నా, మంచు పడ్డాక ముందు చదునైన ట్రాక్ మీద క్లాసిక్, అంటే స్కీలు గాడిలో నేరుగా జారే పద్ధతి, అదీ రోజు విడిచి రోజు. ఎత్తుల్లో స్కేటింగ్ చాలా తర్వాత, పరుగూ గెంతులూ అన్నిటికంటే ఆఖరున. దూరం పెంచిన వారం వేగం పెంచకు. పాత చోట వేలితో నొక్కితే కలుక్కుమన్నా, రాత్రి పడుకున్నాక సలిపినా మర్నాడు సెలవు, రేసు అయినా సరే. కోచ్ ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

స్లొవేనియా స్కీయర్ పెట్రా మాయ్‌దిచ్ కథ నాకు చెప్పకు. 2010 వాంకూవర్‌లో వార్మప్‌లో గోతిలో పడి, పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తికి దెబ్బ తగిలి కూడా స్ప్రింట్‌లో కాంస్యం గెలిచింది, నిజమే. అది చూసి నేనూ ఏడ్చాను. కానీ ఆవిడ ఒలింపిక్స్ రోజున, అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం అది. నీకు నెలలు ఉన్నాయి కదే పిచ్చి పిల్లా, ఆలోచించుకోవడానికి ఎవరూ అడ్డు లేరు.

మంచు పడేదాకా చక్రాలున్న రోలర్ స్కీలే గతి, నాకు అసలు నిద్ర పట్టనిది వాటివల్లే. మామూలుగా వాటికి బ్రేకులుండవు, కింద తారు రోడ్డు. ఒలింపిక్స్‌లో ఎనిమిది స్వర్ణాలు గెలిచిన నార్వే స్కీయర్ బ్యోర్న్ డేలీ అంతటివాడికి 1999లో రోలర్ స్కీల మీద జరిగిన ప్రమాదంలో నడుము దెబ్బతింది, 2001లో రిటైరైపోయాడు. నువ్వు నిటారు దిగుడు వస్తే విప్పి చేత పట్టుకుని నడిచి దిగు. ఎవరైనా నవ్వితే మా పెద్దమ్మ చెప్పిందను. హెల్మెట్ గురించి వేరే చెప్పాలా?

మందులు. నొప్పి మాత్ర వేసుకుని ట్రైనింగ్‌కి వెళ్లకు, నీకు కబురు చెప్పేది ఆ నొప్పి ఒక్కటే. ట్రమడాల్ అనే నొప్పి మందు అయితే 2024 నుంచి పోటీల్లో నిషేధం కూడా. ఏ క్రీమైనా డబ్బా మీద రాసింది నువ్వే చదువు, టీమ్ డాక్టర్ ఇచ్చినా సరే. నార్వే స్కీయర్ తెరేసే యోహౌగ్‌కి ఎండకి కమిలిన పెదవులకి రాసుకోమని టీమ్ డాక్టరే ఇచ్చిన క్రీమ్‌లో నిషేధిత పదార్థం ఉంది. 18 నెలలు నిషేధం, 2018 ఒలింపిక్స్ పోయాయి. డబ్బా మీద హెచ్చరిక ఉంది కూడా!

జ్వరం ఉంటే మాత్రం ఎంత తేలికైనా మానెయ్, గుండె కండరానికి వాపు వస్తే కాలు పగులు చాలా చిన్న విషయం అనిపిస్తుంది. చలిగాలికి దగ్గు వదలకపోతే ఆస్తమా ఉందేమో చూపించుకో, మన ఆటలో అది మామూలే.

పేరు వెనక్కి తీసుకోమనట్లేదు. 50 రేసు సీజన్ చివర్లో కాబట్టి అప్పటికి కాలు కుదుటపడితే నేనే వచ్చి ట్రాక్ పక్కన నిలబడి నీకు డ్రింక్ అందిస్తాను, గొంతు పోయేలా అరుస్తాను. ముందు ఆ ఎంఆర్ఐ రిపోర్టు, ట్రైనింగ్ డైరీ ఫోటో తీసి పంపు. డైరీలో కొట్టేసినవి కూడా కనపడేలా తియ్యి. ఆదివారం లోపు రాకపోతే మీ కోచ్‌కే ఫోన్ చేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకు.

మీ పెద్దమ్మ