అటెండెంట్లు అరిస్తే చేతులు వణుకుతున్నాయన్న సిస్టర్‌కి సమాధానం

సిస్టర్, నైట్ డ్యూటీలో అటెండెంట్ (పేషెంట్ వెంట ఉండే బంధువు) అరిచాక ఇంజెక్షన్ లోడ్ చేస్తుంటే చేతులు వణికాయని రాశారు. అది మీ చేతకానితనం కాదు. అలాంటప్పుడు మనకొచ్చే కోపంలో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, చేతులు వణుకుతాయి, ధ్యాస కుదరదు. మందు పొరపాట్లు జరిగేది సరిగ్గా అప్పుడే.

అందుకే ముందు సింక్ దగ్గరికి వెళ్లండి. సబ్బుతో చేతులు కడగడానికి ఎలాగూ 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఆ లోపు ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ లోపలికి, నోటితో 6 అంకెలు లెక్కపెడుతూ బయటికి, నాలుగైదు శ్వాసలు. బయటికి వదిలేదే పొడవుగా ఉండాలి; గబగబా పీలిస్తే తల తిరుగుతుంది. తర్వాత పేషెంట్ పేరు, మందు, డోసు, రూటు (నోటితోనా, సూదితోనా), టైము మళ్లీ చూసుకోండి. హై రిస్క్ మందైతే (పొరపాటైతే ఎక్కువ హాని చేసేది) ఇంకొకరితో చెక్ చేయించండి.

అటెండెంట్‌తో “ఆగండి, పనిలో ఉన్నా” అంటే మంట పెరుగుతుంది. వాళ్లకు కావాల్సింది మీరు ఎప్పుడొస్తారో చెప్పే టైము: “అమ్మా, మీ ఆందోళన అర్థమైంది. పక్క బెడ్‌కి ఇంజెక్షన్ ఇచ్చి పది నిమిషాల్లో వస్తా.” చెప్పిన టైముకి తప్పక వెళ్లండి, ఆలస్యమైతే కబురు పంపండి.

చెయ్యెత్తితే మాత్రం ఓర్చుకోవద్దు. తలుపు వైపు జరిగి సెక్యూరిటీని పిలవండి, ఇన్‌ఛార్జికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆసుపత్రి సిబ్బందిపై దాడికి తెలుగు రాష్ట్రాల్లో ఉన్న 2008 నాటి చట్టం కింద మూడేళ్ల దాకా జైలు ఉంది.

ఇంటికెళ్లాక కూడా నిద్ర పట్టక, పిల్లల మీద అరుస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.