కిమ్మిచ్ టీకా గొడవ, మా సత్యనారాయణపురం డాబా

ఆటగాడైనా అభిమాని అయినా కోవిడ్ టీకా వద్దనుకుంటే అది వాళ్ల ఒంటికి సంబంధించిన విషయం, మిగతావాళ్లకి అంత కోపం ఎందుకు, మన దగ్గర ఫుట్‌బాల్ చూసేవాళ్ల మధ్య కూడా ఇలాంటి గొడవ జరిగిందా అని అడిగారు. జరిగిందండీ. విజయవాడలో మా తొమ్మిది మంది మధ్య దాదాపు నాలుగు నెలలు నడిచింది, ఒక స్నేహం తెగిపోయేదాకా వచ్చింది. ముందే చెప్తున్నా, నేను టీకా వేయించుకోవాలనే మనిషిని. కానీ ఆ నాలుగు నెలల్లో నేను మాట్లాడినవన్నీ సరైన మాటలు కావు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

సాయంత్రాలు రైల్వే గ్రౌండ్‌లో ఆడేవాళ్లం. యూరప్‌లో జరిగే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లంటే మనకి అర్ధరాత్రి దాటాక కదా, అవి చూడ్డానికి సత్యనారాయణపురంలో ఒక స్నేహితుడి ఇంట్లో డాబా మీద గది ఉండేది. పైకి మెట్లు ఇంటి హాల్లోంచే. మేం ఎక్కినా దిగినా, మధ్యలో మంచినీళ్లకి వచ్చినా, వాళ్ల నాన్న పడుకునే గది ముందు నుంచే వెళ్లాలి. ఈ మెట్ల సంగతి గుర్తు పెట్టుకోండి, గొడవంతా దీని దగ్గరే ఉంది. ఆ అంకుల్‌కి 2018లో కిడ్నీ మార్పిడి జరిగింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు రోజూ వేసుకోవాలి, జీవితాంతం.

మా గోల్‌కీపర్ జర్మనీ క్లబ్బు బయర్న్ మ్యూనిక్ అభిమాని, ఆ జట్టు ఆటగాడు కిమ్మిచ్ అంటే ప్రాణం. 2021 అక్టోబరు 23న బయర్న్ 4-0తో హోఫెన్‌హైమ్‌ని ఓడించిన మ్యాచ్ తర్వాత కిమ్మిచ్ తను ఇంకా టీకా వేయించుకోలేదని టీవీలో ఒప్పుకున్నాడు. దీర్ఘకాలిక ప్రభావాల మీద తగినంత పరిశోధన లేదని తన భయమట, టీకాలకి తను వ్యతిరేకిని మాత్రం కాదన్నాడు. జర్మనీలో దుమారం రేగింది, ఎందుకంటే 2020 మార్చిలో తన జట్టు ఆటగాడు గోరెట్జ్‌కాతో కలిసి ‘వి కిక్ కరోనా’ అని విరాళాల కార్యక్రమం మొదలుపెట్టింది ఇతనే. మా వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రే మొదలైంది. ఒకడు కిమ్మిచ్‌ని తిట్టాడు. గోల్‌కీపర్ "వాడి ఒళ్లు వాడిష్టం, నేనూ వేయించుకోలేదు" అని పెట్టాడు. అప్పటిదాకా మాలో ఎవరికీ తెలీదు. గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ రిపేర్ కౌంటర్ వాడిది, రోజుకి ఎంతమంది చేతుల్లోని ఫోన్లు వాడి చేతుల్లోకి వస్తాయో.

ఆ నెలలోనే లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లోప్ టీకా వద్దనడాన్ని తాగి బండి నడపడంతో పోల్చాడు. తాగి నడపకూడదనే చట్టం నన్నొక్కణ్ని కాపాడడానికి కాదు, ఎదుటివాళ్లని కాపాడడానికి అన్నది ఆయన మాట సారాంశం. నేను అది పట్టుకెళ్లి గోల్‌కీపర్ ముందు పెట్టా. బెంజి సర్కిల్ దగ్గర పోలీసులు నోట్లో గొట్టం పెట్టి ఊదమంటే ఊదుతావు కదా, అప్పుడు గుర్తు రాదేం నీ స్వేచ్ఛ అన్నా. వాడు ఒకటే అన్నాడు: "తాగి నడపడం నేను చేసే పని. సూది వేయించుకోకపోవడం నేను ఏమీ చెయ్యకుండా ఉండడం. రెండూ ఒకటెలా అవుతాయిరా?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, గొంతు పెంచా.

ఇప్పుడైతే నా జవాబు ఇది. సూది వేయించుకోకుండా తన ఇంట్లో తను కూర్చోవడం, అవును, ఏమీ చెయ్యకపోవడమే. తలుపులు మూసిన గదిలో తొమ్మిది మంది మధ్య రెండు గంటలు అరుస్తూ, గోల్ పడితే ఒకరి మీద ఒకరు పడుతూ ఉండడం మాత్రం చెయ్యడమే. ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఇది అందరికంటే ముందు తెలిసి ఉండాలి. 2020 ఫిబ్రవరి 19న ఇటలీలోని మిలాన్‌లో బెర్గామో జట్టు అటలాంటాకీ, స్పెయిన్ జట్టు వాలెన్సియాకీ జరిగిన మ్యాచ్‌కి నలభై వేల మందికి పైగా వచ్చారు, ఎక్కువమంది బెర్గామో వాళ్లు. తర్వాత కొన్ని వారాలకి బెర్గామో శవపేటికలతో నిండింది. ఆ మ్యాచ్ ఒక బయలాజికల్ బాంబులా పనిచేసిందని ఆ ఊరి ఆసుపత్రి డాక్టరే అన్నాడు. పాపం వాళ్లకి అప్పుడు తెలీదు. మాకు 2021 చివరికి తెలుసు.

సరే, గొడవ నడుస్తుండగా నవంబరులో ఎవరో గ్రూపులో ఎరిక్సన్ వీడియో పెట్టారు. 2021 జూన్ 12న యూరో కప్పులో ఫిన్లాండ్‌తో ఆడుతూ డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి మైదానంలో పడిపోయాడు కదా, అది టీకా వల్లే అని కింద రాత. ఇది పచ్చి అబద్ధం. అప్పటికి ఎరిక్సన్ టీకానే వేయించుకోలేదని అతని క్లబ్బు ఇంటర్ మిలాన్ డైరెక్టర్ మరోట్టా చెప్పాడు. నేను అది గెలిచినవాడిలా పెట్టా. అర్ధగంట తర్వాత గోల్‌కీపర్ ఫోన్ చేశాడు. "అది ఎరిక్సన్ సంగతి. మా పెదనాన్న సంగతి చెప్పు."

వాళ్ల పెదనాన్న 2021 ఏప్రిల్‌లో మొదటి డోసు వేయించుకున్నాడు. నాలుగో రోజు జ్వరం, పదకొండో రోజు పోయాడు. ఆ నెలలో ఊరు ఎలా ఉందో మీకు తెలుసు. బెడ్ల కోసం, ఆక్సిజన్ కోసం పరుగులు. కృష్ణపట్నం ఆనందయ్య నాటు మందు కోసం ఊళ్లు దాటి వెళ్లడం ఆ తర్వాతి నెలే. ఆసుపత్రిలో ఎవరూ వీళ్లకి ఏమీ వివరించలేదు. టీకా వేసుకున్నాడు, పోయాడు. వాడి ఇంట్లో మిగిలింది ఆ రెండు వాక్యాలే. ఏడు నెలలు వాడితో గ్రౌండ్‌లో ఆడాను, ఈ మాట నేనెప్పుడూ అడగలేదు. టీకా వద్దనేవాళ్లంతా మూర్ఖులని తేల్చేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, ముందు ఎందుకు వద్దంటున్నారో అడగండి. జవాబులో ఒక చావు ఉండొచ్చు.

అయినా అంకుల్ సంగతి అంకుల్‌దే. "ఆయన రెండు డోసులూ వేయించుకున్నాడు కదా, ఇక నేనెలా ఉంటే ఏంటి" అని గోల్‌కీపర్ వాదన. చాలామంది ఇప్పటికీ ఇదే అంటారు. అవయవ మార్పిడి జరిగినవాళ్లు వేసుకునే మాత్రలే టీకా పనిని కూడా తగ్గిస్తాయి. మన ఒంట్లో తయారైనన్ని యాంటీబాడీలు వాళ్ల ఒంట్లో చాలాసార్లు తయారవ్వవు. తన వంతు తను చేసినా రక్షణ పూర్తిగా అందని మనిషి ఆయన. అలాంటివాళ్ల చుట్టూ ఉన్నవాళ్లే వాళ్లకి గోడ. ఇది చెప్పినప్పుడు వాడు మొదటిసారి మాట్లాడకుండా ఉన్నాడు. కానీ వేయించుకోలేదు.

డిసెంబరు 8 రాత్రి బయర్న్, బార్సిలోనా మ్యాచ్, మనకి తెల్లవారితే 9, రాత్రి ఒంటిగంటన్నరకి. గోల్‌కీపర్ వస్తానన్నాడు. డాబా స్నేహితుడు రావద్దని చెప్పలేక, రమ్మని చెప్పలేక రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. చివరికి వాళ్లమ్మ తేల్చింది. ఆవిడని మేమంతా పిన్నిగారు అంటాం. "వాడొక్కణ్నే బయట కూర్చోబెడితే బాగోదు నాయనా, అందరూ బయటే కూర్చోండి. టీవీ డాబా మీదకి తెచ్చుకోండి, మెట్లెక్కేటప్పుడు మాస్కులు తియ్యకండి, మంచినీళ్ల బిందె పైనే పెడతా, కిందికి రావద్దు." అంతే. వైర్లు లాగి, టీవీ గోడకి ఆనించి, దుప్పట్లు కప్పుకుని మంచులో తొమ్మిది మందీ చూశాం. మ్యూనిక్‌లో స్టేడియం ఖాళీ, కోవిడ్ ఉధృతి వల్ల ప్రేక్షకుల్ని రానివ్వలేదు. కిమ్మిచ్ లేడు, అతనికి నవంబరులో పాజిటివ్ వచ్చింది. బయర్న్ 3-0తో గెలిచింది. ముల్లర్ గోల్‌కి గోల్‌కీపర్ లేచి అరిచి, వెంటనే మెట్ల వైపు చూసి నోరు మూసుకున్నాడు.

ఆ రోజే బయర్న్ ప్రకటన వచ్చింది, కిమ్మిచ్ ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ తాలూకు సమస్య ఇంకా తగ్గలేదు, జనవరి దాకా ఆడడని. మా గ్రూపులో ఒకడు నవ్వు బొమ్మలతో "తగిన శాస్తి" అని పెట్టాడు. నేను దానికి బొటనవేలు గుర్తు పెట్టా. పెట్టకూడదు, ఒక మనిషి ఊపిరితిత్తుల గురించి. గోల్‌కీపర్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మూడు రోజులకి కిమ్మిచ్ టీకా వేయించుకుంటానని, తన భయాలతో వేగడం కష్టమైందని చెప్పాడు. ఆ వార్త పంపడానికి గోల్‌కీపర్ గ్రూపులో లేడు.

తర్వాతది నా తప్పు. 2022 సంక్రాంతి. నాకు రెండు డోసులూ పూర్తయ్యాయి, ఫోన్‌లో సర్టిఫికెట్ ఉంది, ఇక నా వల్ల ఎవరికీ ఏమీ కాదన్న ధీమా. గొంతులో కొంచెం గరగర ఉన్నా చలికని అనుకుని అమ్మ చేసిన అరిసెలు ఇవ్వడానికి అంకుల్ ఇంటికెళ్లా. మాస్కు కిందికి లాగి ఆయన పక్కనే కూర్చుని పావుగంట మాట్లాడా. మర్నాడు జ్వరం, టెస్టు చేయిస్తే పాజిటివ్. ఒమిక్రాన్ రోజులవి, టీకా వేయించుకున్నవాళ్లకీ వచ్చేది, వాళ్ల నుంచీ అంటేది. జబ్బు ముదరకుండా కాపాడడంలో టీకా గట్టిదే, అంటకుండా ఆపడంలో అంత గట్టిది కాదు. చదివి తెలిసిన విషయమే, నా విషయంలో వర్తింపచేసుకోలేదు. ఎనిమిది రోజులు పిన్నిగారు పొద్దున్నే థర్మామీటర్ ఫొటో పంపేది. 98.4, 98.2, 98.6. ఫోన్ మోగితే నా గుండె ఆగేది. అంకుల్‌కి రాలేదు. అందులో నేను చేసిన మంచి ఏమీ లేదు.

ఆ ఎనిమిది రోజుల్లో గోల్‌కీపర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పా, నిన్ను తిట్టిన నోరే ఇది అన్నా. వాడు ఏ మాటా అనలేదు, "అంకుల్‌కి దగ్గుందా" అని అడిగాడు, రోజూ అడిగేవాడు. వాడి గురించి ఒక మాట చెప్పాలి. సూది లేకుండానే సర్టిఫికెట్ తెప్పిస్తానని ఒకడు ఆశ పెడితే వద్దన్న మనిషి. జర్మనీలో వెర్డర్ బ్రెమెన్ కోచ్ అన్ఫాంగ్ నకిలీ టీకా పత్రం వ్యవహారంలో ఇరుక్కుని 2021 నవంబరులో పదవి వదులుకున్నాడు. నా దృష్టిలో వద్దని బయటికి చెప్పేవాడికీ, వేయించుకున్నానని అబద్ధం చెప్పేవాడికీ చాలా తేడా ఉంది. మొదటివాడు వస్తే టీవీని డాబా మీదకి మార్చుకోవచ్చు. రెండోవాడు వస్తే మనకి తెలియనే తెలియదు.

ఫిబ్రవరిలో వాళ్ల వార్డు సచివాలయం ఏఎన్ఎం గారు ఇంటికొచ్చారు. అంతకు ముందు వచ్చినవాళ్లెవరో వేయించుకోకపోతే పథకాలు ఆగిపోతాయని బెదిరించారు, వీళ్లు తలుపేసుకున్నారు. ఈవిడ కూర్చుని పెదనాన్న కాగితాలు చూపించమన్నారు. తేదీలు చదివి, వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది, మొదటి డోసు పనిచెయ్యడం మొదలవ్వడానికి రెండు మూడు వారాలు పడుతుంది, నాలుగో రోజు జ్వరమంటే సూది రోజుకే ఆయనకి అంటుకుని ఉండొచ్చు అన్నారు. ఖాయంగా చెప్పలేనమ్మా అని కూడా అన్నారట. ఆ చివరి మాట వల్లే నమ్మాను అంటాడు వాడు. మర్నాడు వేయించుకున్నాడు.

ఇక మీరు అడిగిన స్వేచ్ఛ సంగతి. 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వెయ్యకూడదని, ఒంటి మీద హక్కు ఆర్టికల్ 21లోదని చెప్పింది. ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని, ఆంక్షలు పరిస్థితికి తగ్గట్టు ఉండాలని కూడా చెప్పింది. నాకు ఈ తీర్పు నూటికి నూరుపాళ్లు నచ్చింది. సూది నీ ఇష్టం. మా మెట్లు ఎక్కే పద్ధతి మాత్రం పిన్నిగారి ఇష్టం, ఆ ఇబ్బంది భరించాల్సింది వద్దనుకున్నవాడే. క్వారంటైన్‌లో ఉన్న టీకా లేని ఆటగాళ్లకి బయర్న్ జీతం కోసిందని వార్తలొస్తే అన్యాయమని అరిచారు కొందరు, నాకు అన్యాయం అనిపించలేదు. పథకాలు ఆపేస్తామనడం మాత్రం అన్యాయమే. ఆడకపోతే జీతం పోవడం వేరు, అన్నం ఆపుతాననడం వేరు.

2022 మార్చి 20, ఆదివారం, మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. అప్పటికి కేసులు బాగా తగ్గాయి, అంకుల్‌కి ఫిబ్రవరిలోనే ప్రికాషన్ డోసు, అంటే మూడోది, పడింది. అయినా అలవాటుగా టీవీ డాబా మీదే పెట్టాం. 88వ నిమిషంలో హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా కొట్టి 1-1 చేశాక కింద నుంచి చెప్పుల చప్పుడు. అంకుల్ మాస్కుతో మెట్లెక్కి వస్తున్నాడు, రెండేళ్లలో ఆయన డాబా మీదకి రావడం అదే మొదటిసారి. అందరం జరిగి ఆయనకి దూరంగా ఒక కుర్చీ వేశాం. పెనాల్టీల్లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడో షాట్ ఆపగానే ఆయన మా గోల్‌కీపర్ వైపు తిరిగి "నువ్వెప్పుడైనా మూడు ఆపావురా?" అని అడిగాడు. వాడు లేదంకుల్ అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.